కదలని ప్రశ్నపదం

ఇంగ్లిష్‌లో ప్రశ్న వేయడం కాస్త తతంగమే. 'యు లైక్ హిమ్' అన్నదాంట్లో 'హిమ్' తీసి 'హూ' పెడితే చాలదు. ఆ 'హూ'ని వాక్యం మొదటికి తేవాలి, అంతదాకా లేని 'డూ'ని కూడా పట్టుకొచ్చి దాని పక్కన నిలబెట్టాలి: 'హూ డూ యు లైక్?' చైనీస్‌లో ఈ గొడవ లేదు. 'నీ షీహ్వాన్ తా' అంటే 'నీకు అతనంటే ఇష్టం'. 'తా' ఉన్నచోటే 'షేయ్' (ఎవరు) అని పెడితే ప్రశ్న తయారు.

ప్రశ్నపదం తన చోటు వదిలి ముందుకు జరుగుతుందని భాషాశాస్త్రవేత్త చామ్‌స్కీ బాటలో నడిచే వ్యాకర్తలు అంటారు. అయితే ఎక్కడినుంచి పడితే అక్కడినుంచి జరగలేదు. అలా బయటికి దారిలేని చోట్లకు జాన్ రాస్ 1967లో తన ఎంఐటీ థీసిస్‌లో 'దీవులు' అని పేరు పెట్టాడు. 'నీకు ఎవరు రాసిన పుస్తకాలు ఇష్టం?' అని మనం హాయిగా అడుగుతాం. దీన్ని ఇంగ్లిష్‌లో 'హూ డూ యు లైక్ బుక్స్ దట్ రోట్' అంటే వాక్యం కూలిపోతుంది. 'రాసిన' అనే విశేషణ వాక్యం ఒక దీవి మరి. చైనీస్‌లో మాత్రం మనలాగే ఇబ్బంది లేదు.

పదం కదలదు కాబట్టి దీవుల బెడదా లేదు, కథ అయిపోయింది అనిపిస్తుంది. 1982లో అదే ఎంఐటీలో జేమ్స్ హువాంగ్ అనే భాషావేత్త దీన్ని ఒప్పుకోలేదు. చైనీస్‌లోనూ పదం కదులుతుంది, కాకపోతే చెవికి వినబడకుండా, అర్థం స్థాయిలో అన్నాడు. సిద్ధాంతాన్ని కాపాడుకోడానికి వేసిన ఎత్తులా ఉంది కదా? నాకూ మొదట అలాగే అనిపించింది.

కానీ ఆయన ఉదాహరణలు గట్టివి. 'రాము ఏం కొన్నాడో సీతకు తెలుసు', 'రాము ఏం కొన్నాడని సీతకు తెలుసు?' అని మనం 'ఓ', 'అని' సాయంతో వేరుచేసే రెండు అర్థాలకూ చైనీస్‌లో ఒకే వాక్యం సరిపోతుంది. 'తెలుసు' బదులు 'నమ్ముతుంది' అంటే అది ప్రశ్నే అవుతుంది. 'తెలుసుకోవాలనుకుంటోంది' అంటే మామూలు వాక్యమే. 'ఏం' అన్న పదం ఒక్క అంగుళం జరగలేదు, దాని పట్టు ఎంతదూరం సాగుతుందో మాత్రం క్రియ నిర్ణయిస్తోంది.

అన్నిటికన్నా నాకు నచ్చింది 'ఎందుకు' సంగతి. 'షేయ్' నిక్షేపంగా కూర్చునే ఆ దీవిలో, కారణం అడిగే 'వెయ్‌షెన్మ' ఇమడదు. తెలుగులో 'నీకు ఎందుకు రాసిన పుస్తకాలు ఇష్టం?' అని చూడండి, నోరు తిరగదు. 'దేని కోసం రాసిన' అంటే వాక్యం మళ్లీ దారిలో పడుతుంది. చైనీస్‌లోనూ 'వెయ్‌ల షెన్మ', అంటే 'దేని కోసం', అక్కడ చెల్లుతుంది. అందులో 'ఏమిటి' అనే నామవాచకం ఉంది. నామవాచకమైతే ఉన్నచోటే ఉండి పని జరిపించుకుంటుందనీ, 'ఎందుకు' లాంటి క్రియావిశేషణం మాత్రం వినబడకుండానైనా కదిలి తీరాలనీ, అందుకే దీవిలో చిక్కుకుంటుందనీ తర్వాతివాళ్లు వివరించారు.