థర్మామీటర్ చెప్పేది ఎవరి వేడి?

ఎండలో పెట్టిన థర్మామీటర్ 48 డిగ్రీలు చూపిస్తే గాలి అంత వేడిగా ఉందని కాదు, ఆ గాజు గొట్టం అంతగా కాలిందని. ఏ పరికరమైనా ముందు చెప్పేది తన సంగతే. దాని సంగతీ గాలి సంగతీ ఒకటే అయ్యేలా చూసుకోవడం మన పని. పరికరం చేసుకోవడం సులువే, అసలు తిప్పలన్నీ ఇక్కడే.

వాతావరణ కేంద్రాల్లో థర్మామీటర్లను తెల్లరంగు పెట్టెలో ఉంచేది అందుకే. నాలుగు వైపులా ఏటవాలు రెక్కలుంటాయి కాబట్టి గాలి దూరుతుంది, ఎండ దూరదు. 19వ శతాబ్దంలో దీన్ని రూపొందించిన థామస్ స్టీవెన్సన్ సముద్రతీరాల్లో దీపస్తంభాలు కట్టించే ఇంజినీరు. థర్మామీటర్ నేలకు 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తులో ఉండాలి. ఇంకా కిందికి దిగితే నేల సెగ తగులుతుంది. పెట్టె లేనివాళ్లు రోజంతా నీడ ఉండి, గాలి ఆడే చోట, గోడకు ఆనకుండా వేలాడదీసుకుంటే చాలావరకు సరిపోతుంది.

వాన కొలత అన్నిటికన్నా తేలిక. నిలువు గోడల డబ్బా ఒకటి ఆరుబయట పెట్టి, ఎంత ఎత్తున నీరు నిలిచిందో స్కేలుతో చూడటమే. డబ్బా వెడల్పుతో పనిలేదు. మూతి పెద్దదైతే నీళ్లు ఎక్కువ పడతాయి, అడుగూ అంతే పెద్దది కనుక ఎత్తు మారదు. 1 మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు 1 లీటరు నీరు. చిక్కల్లా చిన్న జల్లులతోనే. 2 మిల్లీమీటర్ల నీటిని డబ్బా అడుగున కచ్చితంగా చదవడం కష్టం. అందుకని 12 సెంటీమీటర్ల వెడల్పు గరాటు కింద 4 సెంటీమీటర్ల వెడల్పు గొట్టం పెడితే నీటిమట్టం తొమ్మిదింతలు లేస్తుంది, 2 కాస్తా 18 అవుతుంది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనే కోష్ఠాగారం (ధాన్యం కొట్టు) దగ్గర మూరెడు మూతి ఉన్న కుండను వాన కొలతకు పెట్టమని ఉంది. అయితే కుండైనా డబ్బా అయినా చెట్టు కింద పెడితే ఆకులు వదిలిన నీళ్లే లెక్కకొస్తాయి.

గాలిలో తేమ తెలియాలంటే ఒకేలాంటి థర్మామీటర్లు రెండు కావాలి. ఒకదాని బల్బుకు తడి నూలుగుడ్డ చుట్టి గాలి విసరాలి. నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది, పాదరసం దిగుతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత కిందికి దిగుతుంది. పొడి బల్బు 30 డిగ్రీలు, తడి బల్బు 25 చూపిస్తే తేమ సుమారు 67 శాతం. తడిది 20కి పడిపోతే 40 శాతం లోపే. ఇందులో ఒక తమాషా ఉంది. గుడ్డ ఆరిపోయిందనుకోండి, రెండు థర్మామీటర్లూ ఒకే అంకె చూపిస్తాయి. రెండు అంకెల తేడాను బట్టి తేమ చెప్పే పట్టికలో దాని అర్థం నూటికి నూరు శాతం తేమ! పొడి గాలికి గుడ్డ తొందరగా ఆరుతుంది కనుక, తేమ బొత్తిగా లేని రోజే ఈ పొరపాటు జరిగే వీలెక్కువ.

గాలి వేగానికి మాత్రం చెట్టే చాలు. ఆకులు గలగలలాడితే గంటకు 6 నుంచి 11 కిలోమీటర్లు, చిన్న కొమ్మలు ఊగితే 20 నుంచి 28. ఇది బ్యూఫోర్ట్ కొలమానం.

ఇక సీసా మూతికి బెలూను రబ్బరు బిగించి, దాని నడుమ పుల్ల ఒకటి అతికించి చేసే భారమితి, అంటే గాలి పీడనం కొలిచే పరికరం. పిల్లల ప్రయోగాల్లో తరచూ కనిపించే ఈ వస్తువు మీద నాకు అంతగా నమ్మకం లేదు. బయట పీడనం పెరిగితే రబ్బరు లోపలికి కుంగి, పుల్ల కొస పైకి లేస్తుంది. అంతవరకు నిజమే. కానీ సీసాలో బంధించిన గాలికి వేడి తగిలినా వ్యాకోచిస్తుంది. గది ఒక్క డిగ్రీ వేడెక్కితే లోపలి గాలి నెట్టుడు 3 హెక్టోపాస్కళ్లకు (పీడనాన్ని కొలిచే ప్రమాణం) పైగా పెరుగుతుంది. తుపాను లేని రోజుల్లో బయటి పీడనం మారేదే చాలాసార్లు అంతమాత్రం. కాబట్టి మధ్యాహ్నం పుల్ల కిందికి వాలితే వాన రాబోతోందని కాదు, గది వేడెక్కిందని. మనం భారమితి అనుకున్నది నిజానికి థర్మామీటరే. 1640ల్లో ఇటలీ శాస్త్రవేత్త టొరిచెల్లీ చేసిన భారమితికి ఈ బాధ లేదు, 76 సెంటీమీటర్ల పాదరసం పైన గొట్టంలో గాలే ఉండదు కనుక. పుల్ల భారమితి ఉన్నవాళ్లు పక్కనే థర్మామీటర్ పెట్టుకుని, గది వేడి ఒకేలా ఉన్న వేళల అంకెలనే పోల్చుకోవాలి.

చాలా ఫోన్లలో పీడనం కొలిచే చిన్న సెన్సర్ ఉంటోంది. అది సరిగ్గా పనిచేస్తోందో లేదో మెట్లెక్కి చూసుకోవచ్చు. 8 మీటర్లు, అంటే రెండు మూడు అంతస్తులు ఎక్కితే అంకె దాదాపు 1 హెక్టోపాస్కల్ తగ్గాలి, దిగితే మళ్లీ అంతే పెరగాలి.