40 వేల కిలోమీటర్లకే బ్రేకు ప్యాడ్లు అయిపోతాయా?

సైనిక్‌పురి,
హైదరాబాద్.

చిన్నోడికీ, బుజ్జమ్మకీ తాతయ్య ఆశీస్సులు.

మీరు పంపిన ఎస్టిమేట్ చూశాను. 40 వేల కిలోమీటర్లకే కారు బ్రేకు ప్యాడ్లు అయిపోయాయంటున్నాడు మెకానిక్, అవి నొక్కి పట్టే డిస్కులు (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లాలు) కూడా మార్చాలంటున్నాడు, మోసమేమో అని మీ అనుమానం. ఫోన్లో చెబితే సగం వింటారు, మిగతా సగంలో మీలో మీరు కొట్టుకుంటారు. అందుకే ఈ ఉత్తరం.

ప్యాడ్ల సంగతి నిజమే అయ్యుండొచ్చు. కారు ముందు ప్యాడ్లు మామూలుగా 30 వేల నుంచి 70 వేల కిలోమీటర్ల దాకా వస్తాయి. ఇంత తేడా ఎందుకంటే, ప్యాడ్ అరిగేది బండి పరుగెత్తినప్పుడు కాదు, ఆగినప్పుడు. మన ఔటర్ రింగు రోడ్డు చుట్టూ తిరిగొస్తే 158 కిలోమీటర్లు, బ్రేకుతో పెద్దగా పనే ఉండదు. అదే మీరు కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట మీదుగా పంజాగుట్ట చేరేలోగా ఎన్నిసార్లు తొక్కుతారో ఒక్కరోజు లెక్కపెట్టండి. అలాంటి రోడ్డు మీద 40 వేలు వచ్చాయంటే ఆ ప్యాడ్లు బాగానే ఓర్చుకున్నట్టు. పైగా మీది ఆటోమేటిక్. గేరు దించి వేగం తగ్గించే అలవాటు మీకు లేదు, ప్రతిదానికీ బ్రేకే.

బుజ్జమ్మా, ఇది నీకు. 60 కిలోమీటర్ల వేగంతో వస్తున్న కారును ఆపితే ఆ శక్తంతా ఎక్కడికి పోతుంది? వేడిగా మారి ఎక్కువ భాగం బ్రేకుల్లోకే పోతుంది. 1,200 కిలోల బండికి ఆ వేడి అర లీటరు చన్నీళ్లను మరిగించేంత ఉంటుంది. అంటే మీ అన్న సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ నలుగురికి టీ నీళ్లు కాగుతున్నాయి! 120లో వస్తూ ఆపితే రెట్టింపు కాదు, నాలుగింతలు. ఎర్రలైటు దూరం నుంచే కనిపిస్తున్నా చివరిదాకా యాక్సిలరేటర్ తొక్కి అప్పుడు బ్రేకు వేసేవాడికి ప్యాడ్లు తొందరగా అయిపోక ఏమవుతాయి? (చిన్నోడా, నీ గురించే.)

ఈ వేడి సంగతి నాకు శ్రీశైలం దారిలో తెలిసొచ్చింది. దోమలపెంట దాటి డ్యామ్ వైపు దిగేటప్పుడు బ్రేకు మీద కాలు తీయకుండా దిగాను. అప్పట్లో మా అంబాసిడర్‌కి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే (డిస్కు బదులు గిన్నెలాంటి డ్రమ్ము, ప్యాడ్ల బదులు దాని లోపల ఒత్తుకునే షూలు). కాసేపటికి మాడిన వాసన, తర్వాత ఎంత తొక్కినా బండి ఆగనంటోంది. మీ నానమ్మ మల్లన్నను పిలవడం మొదలుపెట్టింది. ఎలాగో గేరు దించి, పక్కకు తీసి, అరగంట చల్లారబెట్టాం. ఘాట్ దిగేటప్పుడు కిందిగేరులో దిగాలని అప్పుడు ఒంటబట్టింది. మీ ఆటోమేటిక్‌లో కూడా కిందిగేరులో ఉంచే వీలుంటుంది, చూసుకోండి.

ఇక డిస్కులు. రోటర్ అన్నా అదే. ఇక్కడ మాత్రం నాకూ అనుమానమే. డిస్కు మామూలుగా రెండు మూడు జతల ప్యాడ్లను చూస్తుంది. మొదటి జతతోనే పోయిందంటే ఏదో కారణం ఉండాలి. కొత్త ప్యాడ్ మందం 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది, 3కి వస్తే మార్చేయాలి. ఆ దశలో కీచుమని అరవడానికి చాలా ప్యాడ్లకు చిన్న రేకు పెడతారు. ఆ అరుపు పట్టించుకోకుండా తిరిగితే ఇనుము ఇనుమును గీకుతుంది. కీచు కాస్తా గరగరగా మారుతుంది, డిస్కు మీద గాళ్లు పడతాయి. మీరు అలా తిరిగారా? నిజం చెప్పండి. వాన పడ్డ మర్నాడు పొద్దున ఒకటి రెండుసార్లు గరుకుగా వినిపించి పోయేది అది కాదు. అది రాత్రి పట్టిన తుప్పు, దానంతటదే పోతుంది. బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ గానీ పెడల్ గానీ అదురుతుంటే మాత్రం డిస్కును అనుమానించాల్సిందే.

గాళ్లూ అదురూ లేకపోతే ఇక మిగిలింది మందం. ఎంతకు తగ్గితే పారేయాలో చాలా డిస్కుల మీద అంకె కొట్టి ఉంటుంది. కొత్తదానికీ ఆ అంకెకీ తేడా తరచూ 2 మిల్లీమీటర్లే, కంటితో చూసి తేల్చే విషయం కాదు. కాబట్టి మెకానిక్‌తో గొడవ పెట్టుకోకండి, "కొలిచి చూపించన్నా" అనండి, చాలు. వెనక చక్రాలకు మీకు డ్రమ్ములే, వాటి షూలు ఇంకా చాలాకాలం వస్తాయి, ఊరికే మార్పించొద్దు. బ్రేక్ ఆయిల్ మాత్రం గాలిలో తేమను పీలుస్తుంది, రెండేళ్లకోసారి మార్పించాలి.

ఆదివారం బండి ఇటు తీసుకురండి, చక్రం విప్పి మనమే చూద్దాం. మందం కొలవడానికి కాలేజీ వెర్నియర్ కొలపట్టీ తెచ్చుకో బుజ్జమ్మా. డిస్కు అంచున అరగని గట్టు మిగులుతుంది, వెర్నియర్ దానికి తగిలి మందం ఎక్కువ చూపిస్తుంది. అటూ ఇటూ ఒక్కో రూపాయి బిళ్ల ఆనించి కొలిచి, బిళ్లల మందం తీసేస్తే సరిపోతుంది. బిళ్లలు నా దగ్గరున్నాయి.

మీ
తాతయ్య