మీటింగ్‌కి రాని తల్లిదండ్రులు: అపోహలు - వాస్తవాలు

మొన్న మళ్లీ అదే మాట. పేరెంట్స్ మీటింగ్ అయ్యాక సంతకాల్లేని గళ్లు చూపించి ఒక టీచర్ అన్నారు: "చూశారా, మనం ఎవరికి చెప్పాలో వాళ్లే రారు." స్కూలుకీ ఇళ్లకీ మధ్య తిరగడమే నా ఉద్యోగం. ఈ మాట వినకుండా ఒక్క టర్మ్ కూడా గడవలేదు.

అపోహ: మీటింగ్‌కి రానివాళ్లకి పిల్లల చదువు పట్టదు.

వాస్తవం: ఆ రోజు ఆ టైముకి ఎవరు వచ్చారన్నదే రిజిస్టర్‌కి తెలుసు. ఎవరికి షిఫ్ట్ ఉంది, ఎవరికి సగం రోజు జీతం పోతుంది, ఎవరు చిన్నప్పుడు బడిలో పడ్డ అవమానం ఇంకా మరిచిపోలేదు, ఇవేవీ దానికి తెలియవు.

నేనేమీ అతీతుణ్ని కాను. ఒక అమ్మాయి ఫైల్లో "తల్లికి శ్రద్ధ లేదు" అని నా చేత్తోనే రాశాను. మూడు మీటింగులకి రాలేదు మరి. నాలుగోసారి నేను గేటు దగ్గర ఉండగా ఒకావిడ వచ్చి, రిజిస్టర్ టేబుల్ చూసి వెనక్కి తిరిగింది. వెంట వెళ్లి అడిగితే, "పేరు, క్లాసు అన్నీ రాయాలట కదండీ. నాకు రాయడం రాదు. అందరి ముందూ ఇంకొకరితో రాయిస్తే అమ్మాయికి నామోషీ" అంది. మూడుసార్లూ గేటు దాకా వచ్చిందట. ఆ టేబుల్ అక్కడ పెట్టించింది నేనే.

లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టగానే ఆమె అడిగింది ఒకటే: "బోర్డు కనపడట్లేదంటోంది, ముందు బెంచీలో కూర్చోబెడతారా?" ఏడాదిగా ఆ పిల్ల మార్కులు ఎందుకు పడిపోతున్నాయో మాలో ఎవరికీ అంతుపట్టలేదు. పైగా నా రాత చదివిన ఇద్దరు టీచర్లు "ఇంటి సపోర్ట్ లేని పిల్ల" అని ఆశ కూడా వదిలేసుకున్నారు. ఈ అపోహకి మూల్యం కట్టేది పిల్లలే.

ఇప్పుడు పేర్లు మేమే అడిగి రాసుకుంటున్నాం.

అమెరికన్ విద్యా పరిశోధకురాలు జాయిస్ ఎప్‌స్టీన్ చెప్పిన, తల్లిదండ్రుల ఆరు రకాల భాగస్వామ్యం మా రంగంలో అందరికీ కంఠతా వచ్చు: పెంపకం, స్కూలూ ఇల్లూ మాట్లాడుకోవడం, వాలంటీర్ పని, ఇంటి దగ్గర చదువు, నిర్ణయాల్లో పాలుపంచుకోవడం, సమాజంతో కలిసి పనిచేయడం. మీటింగ్ అందులో రెండోదానికి ఒక ముక్క. ఆ ఒక్క ముక్కనే చూసి మనుషులకి మార్కులు వేస్తున్నాం.

అసలు మాట చేరాలంటే మనిషి రానక్కర్లేదు. అమెరికాలో ఒక వేసవి ప్రోగ్రామ్‌లో, తప్పిన సబ్జెక్టులు మళ్లీ చదువుతున్న హైస్కూల్ పిల్లల ఇళ్లకి టీచర్లు రాసిన ఒక్క వాక్యం ప్రతి వారం పంపారు. ఫోన్, మెసేజ్, ఈమెయిల్, అంతే. పరిశోధకులు మాథ్యూ క్రాఫ్ట్, టాడ్ రోజర్స్ లెక్క తీస్తే, ఇంటికి వాక్యం అందని పిల్లల్లో 15.8 శాతం క్రెడిట్ (ఆ సబ్జెక్టు పాసైనట్టు గుర్తింపు) పోగొట్టుకున్నారు, అందినవాళ్లలో 9.3 శాతమే. అందులోనూ మెచ్చుకోలు కంటే, ఏం మెరుగుపడాలో చెప్పిన వాక్యాలే ఎక్కువ పనిచేశాయి.

అపోహ: మాకే చదువు రాదు, మేమేం చేస్తాం?

వాస్తవం: ఈ దిగులుతో నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లున్నారు. టెన్షన్ పడకండి. 2009లో నాన్సీ హిల్, డయానా టైసన్ మిడిల్ స్కూల్ పిల్లల మీద వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూశారు. హోంవర్క్‌లో సాయం చేయడం వల్ల పెద్దగా ఒరిగింది కనపడలేదు. చదువు ఎందుకు, ముందుముందు ఏం కావాలనుంది అని పిల్లలతో మాట్లాడటమే అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది. దానికి డిగ్రీ అక్కర్లేదు.

అపోహ: ఎక్కువ ప్రశ్నలడిగితే పిల్లాడి మీద కక్ష కడతారు.

ఎవరు పుట్టిస్తారో గాని, పేరెంట్స్ గ్రూపుల్లో ఈ పుకారు ప్రతి ఏడూ తిరుగుతుంది. అలా చేసే టీచర్ ఎక్కడైనా ఉంటే హెడ్‌కి చెప్పండి. మిగతా చోట్ల, ఇంటి నుంచి ఎవరూ అడగని పిల్లాడి సంగతే మరుగున పడుతుంది.

అపోహ: స్కూలు సమాజంతో కలిసి పనిచేయడమంటే విరాళాలే.

కాదు. మా స్కూల్లో గేర్ల పాఠం ఒక మెకానిక్ తండ్రి చెప్పారు. చేతికి గ్రీజు ఉందని సారీ చెప్పుకుంటూ మొదలుపెట్టారు. బెల్లు కొట్టినా పిల్లలు ఆయన్ని వదల్లేదు.