తండ్రుల గురించి నేను రోజూ వినే అపోహలు, చూసిన వాస్తవాలు

ఆసుపత్రిలో చాలామంది నన్ను ‘ఫాదర్’ అంటారు. నేను చాప్లిన్‌ని. అంటే మంచం పక్కన, బయట బెంచీ మీద ఎదురుచూసేవాళ్ల పక్కన కూర్చునే పాస్టర్‌ని. అంతకుముందు పదకొండేళ్లు కబడ్డీ ఆడాను, రైట్ కార్నర్. అంటే కుడి చివర నిలబడి, కూతకొచ్చే రైడర్‌ని పట్టేవాణ్ణి. మోకాలితో పాటే ఆటా పోయింది. ఇప్పుడు సికింద్రాబాద్‌లో తండ్రుల కోసం చిన్న సంస్థ నడుపుతున్నాను. శనివారం సాయంత్రం ఓ ఇరవై మంది వస్తారు. ఆటో నడిపేవాళ్లు, మాదాపూర్‌లో నైట్ షిఫ్టు చేసేవాళ్లు, కోర్టు చుట్టూ తిరిగేవాళ్లు.

అపోహ: పసిపిల్లల పని మగాళ్లకు రాదు.

వాస్తవం: రానివ్వకపోతే ఎలా వస్తుంది? మనకు మొదటి కాన్పు పుట్టింట్లోనే. మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డ ఇల్లు చేరుతుంది. అప్పటిదాకా నాన్న వీడియో కాల్‌లో కనిపించే మనిషి. ఆదివారం ఖమ్మం వెళ్తే అల్లుడికి కుర్చీ, చికెన్, మర్యాదలు. బిడ్డను మాత్రం అత్తగారు రెండు నిమిషాలు చూపించి, ‘మెడ నిలబడలేదు అల్లుడుగారూ, మీరు పట్టుకోలేరు’ అని లోపలికి తీసుకుపోతారు. తీరా ఇంటికొచ్చాక కొత్త మొహం చూసి పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంది. ‘చూశారా, వాళ్ల నాన్న దగ్గర ఉండదు’ అని అందరూ తేల్చేస్తారు.

రైడర్ చీలమండ పట్టి లాగిన చేతులు నావి. మూడు నెలల పాపను ఒళ్లో పెట్టి మా ఆవిడ స్నానానికి వెళ్తే, తిరిగొచ్చేసరికి నా చొక్కా అంతా చెమట. నాకూ ఎవరూ నేర్పలేదు మరి.

తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు కంగారూ పద్ధతి చేయిస్తారు. డైపరు, టోపీ, సాక్సులు తప్ప బట్టలు లేకుండా బిడ్డను ఛాతీకి ఆనించి గుడ్డతో కట్టుకోవడం. దాన్ని తండ్రి కూడా చేయొచ్చు. మొన్న ఒక ఆటో తమ్ముడు 1.6 కిలోల కూతుర్ని అలా పెట్టుకుని గంటసేపు కదల్లేదు. ‘ముక్కు దురద పెడుతోంది, కాస్త గోకు అన్నా’ అని నన్నే అడిగాడు.

అపోహ: కాన్పు తర్వాత దిగులు ఆడవాళ్లకే వస్తుంది.

వాస్తవం: ఎన్నో దేశాల అధ్యయనాలను కలిపి చూసిన 2010 నాటి ఒక విశ్లేషణలో సుమారు 10 శాతం తండ్రుల్లో డిప్రెషన్ కనిపించింది. బిడ్డకు 3 నుంచి 6 నెలల మధ్య ఎక్కువ. మా దగ్గరికొచ్చే మగాళ్లలో అది చిరాకులా ఉంటుంది, అడక్కుండా చేసే ఓవర్‌టైమ్‌లా ఉంటుంది. ఇంటి ముందు బండాపి, పైకి వెళ్లకుండా పావుగంట ఫోన్ చూస్తారు. అడిగితే ‘టెన్షన్, అంతే’. రెండు వారాలైనా తగ్గకపోతే 14416కి ఫోన్ చేయిస్తాను. అది ప్రభుత్వ టెలీ మానస్ లైన్, ఉచితం.

అపోహ: ఆటలాడినవాడు పిల్లల్ని డిసిప్లిన్‌గా పెంచుతాడు.

ఇది నేనూ నమ్మినదే. ఈ ఊరివాడైన, అప్పటి భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్ రహీం సాబ్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో జట్టులో ఉన్న సొంత కొడుకును కూడా మ్యాచ్‌లో దించలేదని గొప్పగా చెప్పేవాణ్ణి. కోచ్‌గా అది సబబే. నేను మాత్రం మా వాడు స్కూలు మ్యాచ్ ఓడిన రోజు, బండి మీద ఇంటిదాకా వాడి తప్పులే చెబుతూ వచ్చాను. గుమ్మం దగ్గర వాడు, ‘నువ్వు ఎటు నిలబడ్డావో చూసి అటు వెళ్లకుండా ఆడాను డాడీ’ అన్నాడు.

అపోహ: విడాకులైతే ఐదేళ్లు దాటిన పిల్లలు తండ్రికే.

1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ఐదేళ్లలోపు పిల్లలు సాధారణంగా తల్లి దగ్గర ఉండాలంటుంది. ఆపైన తండ్రికే అని ఎక్కడా లేదు. కోర్టు చూసేది బిడ్డ క్షేమం. కస్టడీ అడుగుతూ, కూతురి క్లాస్ టీచరు పేరు తెలియని నాన్నల్ని చూశాను.

‘పాస్టర్ కదా, మతం మారుస్తాడు’ అని మొదటిరోజు తలుపు దగ్గరే నిలబడేవాళ్లు ఉంటారు. అడిగితే ప్రార్థన చేస్తాను, అడగకపోతే చాయ్ పోస్తాను. రంజాన్‌లో ఇఫ్తార్ అయ్యాకే కూర్చుంటాం.

సెలవు దొరకదన్నది మాత్రం అపోహ కాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజుల పితృత్వ సెలవుంది. ప్రైవేటులో కంపెనీ ఇష్టం. ఆటో నడిపేవాడికి ఏదీ లేదు. కూతుర్ని ఛాతీకి కట్టుకున్న ఆ తమ్ముడు రెండు గిరాకీల మధ్య ఆసుపత్రికి వచ్చేవాడు. ఖాకీ చొక్కా బొత్తాలు విప్పుకుంటూనే మెట్లెక్కేవాడు. ముందు చేతులు కడుక్కోమని నర్సమ్మ రోజూ అరిచేది.