తక్సీమ్‌లో మకాం మార్చడం: అపోహలు - వాస్తవాలు

నేను ఊద్ వాయిస్తానని చెబితే మనవాళ్లకి ముందు ఊదుబత్తి గుర్తొస్తుంది. అందులో తప్పేం లేదు. అరబ్బీలో ఊద్ అంటే కర్ర. అగరు చెక్కకీ అదే పేరు, మేం మీటే తీగల వాద్యానికీ అదే పేరు. ఇంకో చుట్టరికం కూడా ఉంది. మన రాగం లాంటిదాన్ని అరబ్బులు మకామ్ అంటారు. ‘ఊరవతల మకాం వేశారు’, ‘మకాం మార్చేశారు’ అంటామే, ఆ మాటే ఇది. నిలిచే చోటు అని అర్థం.

చిన్నప్పుడు వయొలిన్ మీద కర్ణాటక సంగీతం నేర్చుకుని, ఆ తర్వాత కైరోలో ఊద్ పట్టాను. నేర్చుకోవడానికి వచ్చేవాళ్ల దగ్గర పదేపదే వినే కొన్ని మాటలకు ఇక్కడ సమాధానం రాస్తున్నాను.

అపోహ: తక్సీమ్ అంటే చేతికొచ్చింది వాయించడమే.

తక్సీమ్ ఒక్కరే, సాధారణంగా తాళం లేకుండా చేసే మనోధర్మం, అంటే అప్పటికప్పుడు అల్లుకునే సంగీతం. గాయకులైతే ‘యా లైల్, యా ఐన్’ అంటూ రాత్రినీ కంటినీ పిలుస్తూ ఆలపిస్తారు. స్వరాలు ముందే రాసి ఉండవు కానీ దారి ఉంటుంది. దాన్ని సైర్ అంటారు, అంటే నడక. మూడు నుంచి ఐదు స్వరాల చిన్న గుంపు ఒక జిన్స్. రాస్త్ మకాంలో మొదట కింది షడ్జం చుట్టూ ఉన్న జిన్స్‌లోనే తిరగాలి. చెవికి ఆ చోటు అలవాటయ్యాక పంచమానికి వెళ్లి నిలవాలి. ఆ తర్వాతే పై స్థాయి. కింది స్థాయిని ఖరార్ అంటారు, పై స్థాయిని జవాబ్ అంటారు. మన ఖరారు, మన జవాబే! ప్రతి భాగం చివర ఖఫ్లా, అంటే ముక్తాయింపు, సరిగా పడాలి. పంచమం దగ్గర కాస్త నిలవకుండా పైకి దూకేవాడు ఎన్ని స్వరాలు వాయించినా తక్సీమ్ నిలబడదు.

అపోహ: మకాం అంటే మన మేళకర్త లాంటి స్కేలు, మధ్యలో ఒక పావు స్వరం.

కాగితం మీద కొన్ని కలుస్తాయి. అజమ్ మన శంకరాభరణంలా, కుర్ద్ హనుమతోడిలా, హిజాజ్‌కార్ మాయామాళవగౌళలా కనిపిస్తాయి. ఇది చూసి పిల్లలు సంబరపడతారు. రాస్త్ దగ్గరికి వచ్చేసరికి ఆ సంబరం ఆగిపోతుంది. రాస్త్ గాంధారం మన సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్యలో ఉంటుంది. సరిగ్గా మధ్యలోనా? కాదు. బయాతీ అనే మకాంలో అదే స్వరం ఇంకాస్త కిందికి దిగుతుంది. కీబోర్డులో బటన్ నొక్కి 50 సెంట్లు, అంటే పావు స్వరం, తగ్గించేస్తే ఈ తేడా దొరకదు. 1932లో కైరోలో అరబ్బు సంగీత మహాసభ జరిగింది. బేలా బార్టోక్, పాల్ హిండెమిత్ లాంటి యూరప్ స్వరకర్తలు కూడా వచ్చారు. స్థాయిని 24 సమాన భాగాలు చేద్దామన్న వాదన మీద అక్కడ కూడా ఏకాభిప్రాయం కుదరలేదు. ఆ స్వరాన్ని లెక్కలతో పట్టలేం, విని విని పట్టుకోవాలి.

అపోహ: ఎన్ని మకాంలు మారిస్తే అంత విద్వత్తు.

నేను కూడా చాలాకాలం ఇదే నమ్మాను. ఒకసారి క్లాసులో రాస్త్‌తో మొదలుపెట్టి నాలుగైదు నిమిషాల్లో ఆరు మకాంలు చుట్టి వచ్చాను. ఉస్తాద్ నా కుడిచేతి మీద చెయ్యి వేసి ఆపారు. ‘నీ మొదటి షడ్జం పాడు’ అన్నారు. పాడాను. ఊద్ మీటి చూస్తే అది షడ్జం కాదు, రిషభం. నా చెవి ఎప్పుడో మకాం ఎత్తేసింది, నాకు తెలియనే లేదు.

మన కచేరీలో తంబురా షడ్జాన్ని కాపలా కాస్తుంది. అరబ్బు తక్సీమ్‌లో మామూలుగా ఆ ఆధారం ఉండదు. మకాం మారినప్పుడు షడ్జమే జరిగిపోవచ్చు. తొలి చోటును గుర్తుపెట్టుకోవాల్సింది వాయించేవాడి చెవీ, వినేవాడి చెవీ మాత్రమే.

ఒక్క చిన్న ప్రయాణం చూపిస్తాను. రాస్త్ స్వరాలతోనే రిషభం మీద ఆగడం మొదలుపెట్టండి. వాక్యాలన్నీ అక్కడే ముగించండి, గాంధారాన్ని వెంట్రుకవాసి దించండి. బయాతీలోకి వచ్చేశారు. మన గ్రహభేదం తెలిసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఇప్పుడు అక్కడి నుంచే రాస్త్ పంచమాన్ని అర స్వరం కిందికి దించండి. కాళ్ల కింద నేల కుంగినట్టు సబా వస్తుంది, అరబ్బు మకాంలలో అన్నిటికంటే దుఃఖం నిండినది. మార్చింది ఒక్క స్వరమే. తిరిగి రావాలంటే? పంచమాన్ని పాత చోట నిలబెట్టి, దాని చుట్టూ ఒకటి రెండు వాక్యాలు చెప్పి, గాంధారాన్ని మళ్లీ రాస్త్ ఎత్తుకి తెచ్చి, మెల్లగా షడ్జం మీద ముక్తాయించాలి. నా దృష్టిలో వాయించేవాడి పనితనం ఈ తిరుగు ప్రయాణంలోనే తెలుస్తుంది. సబాలోకి దిగడం నెల రోజుల్లో నేర్పించవచ్చు. అందులోంచి బయటికి రావడం నాకు పట్టుబడడానికి రెండేళ్లు పట్టింది.

రాగమాలికతో దీన్ని పోలుస్తుంటారు. అక్కడ ఒక రాగం వదిలి ఇంకో రాగంలోకి వెళ్తాం, మొదటిది మళ్లీ రావాలన్న నియమం లేదు. ఇక్కడ ఎంత దూరం తిరిగినా మొదలుపెట్టిన మకాంలోనే ముగించడం ఆనవాయితీ.

వాద్యం లేకుండా, గొంతొక్కటే పెట్టుకుని ఈ పని ఎలా చేస్తారో వినాలనుంటే ఈజిప్టు ఖారీ షేక్ ముస్తఫా ఇస్మాయిల్ ఖురాన్ పఠనం వినండి.

అపోహ: వినేవాళ్లు కదలకుండా కూర్చోవాలి.

ఖఫ్లా బాగా పడితే సభలోంచి ‘అల్లాహ్!’ అని, ‘యా సలామ్!’ అని వినిపించాలి. మన ‘భేష్’, ‘ఆహా’ల లాగే. ఈజిప్టు గాయని ఉమ్మ్ కుల్సూమ్ గురువారం రాత్రి కచేరీల రికార్డుల్లో జనం అరుపులు వినండి. వాళ్లు అడిగినకొద్దీ ఒక్క పాదాన్నే ఆమె కొత్త కొత్తగా తిప్పి పాడేవారు. ఎడిటింగ్‌లో ఆ అరుపులు కత్తిరించేస్తే సగం సంగీతం పోతుంది.

అపోహ: మనోధర్మం పుట్టుకతో రావాల్సిందే.

పది మాత్రల సమాయీలు (వాద్య రచనలు), మువష్షహ్‌లు (పాటలు) కంఠస్థం చేయనివాడికి తక్సీమ్ రాదు. పాత 78 ఆర్‌పీఎం రికార్డుల్లో తక్సీమ్‌లు మూడు నిమిషాల్లోనే ముగిసేవి కాబట్టి నేర్చుకోవడానికి అవి సరిగ్గా సరిపోతాయి. మన వయొలిన్ వాళ్లెవరైనా వస్తే అరబ్బు వయొలిన్ విద్వాంసుడు సామీ అల్ షవ్వా రికార్డుతో మొదలుపెట్టిస్తాను. అరబ్బు వయొలిన్‌లో కూడా తీగలు మన స-ప-స-ప లాగే కడతారు కాబట్టి చెవి తొందరగా దారిలో పడుతుంది. వారం రోజులు వాద్యం ముట్టుకోనివ్వను. ఆ మూడు నిమిషాలూ గొంతుతో పాడాలి, మధ్యలో ఎక్కడ ఆపి అడిగినా మొదటి షడ్జం చెప్పాలి.