అపోహలు - వాస్తవాలు: సిట్‌కామ్ రాయాలంటే జోకులు వేయడం రావాలా?

కామెడీ స్క్రిప్టులు సరిదిద్దడం నా పని. సిట్‌కామ్ అంటే అవే పాత్రలతో సాగే టీవీ కామెడీ సీరియల్. మొన్న ఒకమ్మాయి ఫోన్ చేసి, "సార్, నలుగురిలో నాకు జోకులేయడం రాదు. సిట్‌కామ్ రాయగలనా?" అని అడిగింది. గొంతులో టెన్షన్ తెలిసిపోతోంది. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు.

అపోహ: పేజీకి ఇన్ని పంచ్‌లు పడాల్సిందే.

ఎవరు పుట్టించారో గానీ, ఈ మాట నమ్మి బాగా రాయగలిగినవాళ్లు కూడా పెన్ను పక్కన పడేస్తున్నారు.

వాస్తవం: 1962లో బీబీసీలో మొదలైన సిట్‌కామ్ 'స్టెప్టో అండ్ సన్' చూడండి. లండన్‌లో గుర్రబ్బండి మీద తిరిగి పాత సామాన్లు పోగేసే తండ్రీకొడుకులు. కొడుకు హెరాల్డ్‌కి ఆ ఇల్లు వదిలిపోవాలని. తండ్రి ఆల్బర్ట్‌కి, కొడుకు వెళ్లిపోతే తనకు దిక్కెవరని. ఈ ఒక్క ముడి మీదే 1974 దాకా లాగారు. మొదటి కథలో హెరాల్డ్ తన సామానంతా బండికెక్కిస్తాడు. తండ్రి గుర్రాన్ని ఇవ్వడు. హెరాల్డ్ తనే లాగబోతాడు. బండి కదలదు. లాగి లాగి ఏడ్చేస్తాడు. తండ్రి మెల్లగా ఇంట్లోకి తీసుకుపోతాడు. ఇందులో పంచ్ ఎక్కడుంది? 1972 నాటి ఇంకో కథలో హెరాల్డ్ ఇంటి మధ్య అడ్డుగోడ కట్టేస్తాడు. టీవీ కూడా చెరి సగం. మీటలు మాత్రం తండ్రి వైపు! ఇక జోకు వేరే రాయాలా? రచయితలు గాల్టన్, సింప్సన్ ఈ పాత్రలకు కమెడియన్లను కాదు, నటులనే తీసుకున్నారు.

నా మొదటి స్క్రిప్టు నిండా పంచ్‌లే. ఒక ఛానెల్‌వాళ్లు నాలుగు పేజీలు చదివి తిరిగిచ్చేశారు. తర్వాత మా నాన్న సంగతి రాశాను. నేను ఉద్యోగానికి ఊరు వదిలే రోజు ఆయన స్కూటర్ తాళం కనబడలేదు. బస్సు వెళ్లిపోయాక ఆయన జేబులోనే దొరికింది. జోకు ఒక్కటీ లేదు, చదివినవాళ్లంతా నవ్వారు.

మిగతా అపోహల సంగతి గబగబా చెప్పేస్తాను. సిట్‌కామ్‌లో వెనక వినిపించే నవ్వులన్నీ ముందే రికార్డు చేసి కలిపినవి కావు, స్టెప్టోకి స్టూడియోలో జనాన్ని కూర్చోబెట్టారు. ముసలి తండ్రికి ముసలాయనే అక్కర్లేదు, మొదట్లో తండ్రిగా వేసిన బ్రాంబెల్ వయసు 49, కొడుకుగా వేసిన కార్బెట్ కంటే 13 ఏళ్లే పెద్ద. రీమేక్ అంటే సీన్లు దించేయడం కాదు. అమెరికావాళ్లు 1972లో 'శాన్‌ఫర్డ్ అండ్ సన్' తీసినప్పుడు ముడి అదే ఉంచి, కథను లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్‌కి, అక్కడి నల్లజాతి తండ్రీకొడుకుల మాటతీరుకి మార్చుకున్నారు.

ఆ అమ్మాయిని నేను అడిగింది ఒకటే: "మీ ఇంట్లో ఒకరితో ఒకరికి పడకపోయినా విడిచి ఉండలేనిదెవరమ్మా?"

"మా నానమ్మ, మా అమ్మ సార్" అంది వెంటనే.

వాళ్లిద్దరి మీద పేజీన్నర రాసి పంపమన్నాను.