అద్దాలు లేని లేజర్

లేజర్ అనగానే ఎదురెదురుగా రెండు అద్దాలు, వాటి మధ్య కాంతిని పెంచే పదార్థం గుర్తొస్తాయి. అద్దాలు తీసేసి ఆ పదార్థాన్ని పొడి చేస్తే? కాంతి రేణువు నుంచి రేణువుకు చెదురుతూ, బయటికి దారి దొరక్క లోపలే తిరుగుతుంది. తిరిగినంతసేపూ పెరుగుతుంది. ఆ పెరుగుదల నష్టాన్ని మించగానే లేజర్ పుడుతుంది. ఇదే రాండమ్ లేజర్. సోవియట్ శాస్త్రవేత్త లెతొఖోవ్ 1960లలోనే దీన్ని సిద్ధాంతపరంగా ఊహించారు. 1999లో భౌతిక శాస్త్రవేత్త హుయ్ త్సావ్ బృందం జింక్ ఆక్సైడ్ పొడిలో సన్నని వర్ణరేఖలు చూసింది.

ఈ కాంతి అన్ని దిక్కులకూ పోతుంది. మరి దీన్ని లేజర్ అనొచ్చా? రేఖ సన్నగా ఉంటే చాలదు. మామూలు కాంతిని ఫిల్టర్‌లోంచి పంపినా సన్నని రేఖ వస్తుంది. తేల్చాల్సింది ఫోటాన్ల, అంటే కాంతి కణాల, లెక్కే.

ఒకే మోడ్‌లోని, అంటే కాంతి కంపించే ఒకే ఒక్క తీరులోని కాంతిని, చాలా చిన్న వ్యవధుల్లో మళ్లీ మళ్లీ లెక్కపెడుతున్నాం అనుకోండి. సగటు 100 ఫోటాన్లు. మంచి లేజర్ అయితే లెక్క ఆ 100కి అటూ ఇటూ సుమారు 10 మేర ఊగుతుంది. ఇది పాయిసాన్ పంపిణీ. వేడి వస్తువు నుంచి వచ్చే కాంతిలో ఆ ఊగిసలాట కూడా దాదాపు 100 ఉంటుంది! ఇది బోస్-ఐన్‌స్టైన్ పంపిణీ. ఇందులో అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చే లెక్క సున్నా. సగటు ఒకటే అయినా స్వభావాలు ఇంత వేరు. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా అందంగా అనిపించేది ఇదే.

2001లో త్సావ్ బృందం పొడి లేజర్‌ని ఇలాగే పరీక్షించింది. లేజర్ అప్పుడే మొదలయ్యే దశలో ఒక మోడ్‌లోని ఫోటాన్లు బోస్-ఐన్‌స్టైన్ పద్ధతిలో వచ్చాయి. అందించే శక్తిని పెంచేకొద్దీ పంపిణీ మెల్లగా పాయిసాన్‌కి మారింది. కారణం పదార్థంలోనే ఉంది. కాంతి ఒక్కసారిగా ఎక్కువైతే నిల్వ ఉన్న శక్తి తరిగి పెరుగుదల మందగిస్తుంది. తగ్గితే శక్తి మళ్లీ పోగవుతుంది. ఈ సర్దుబాటే ఊగిసలాటను అణచేస్తుంది. దానికి అద్దాలతో పనిలేదు.

అయితే ఒక్కో మోడ్ ఇంత క్రమంగా ఉన్నా, మోడ్‌ల మధ్య పొందిక ఉండాలని లేదు. అవి ఎక్కువైతే కాంతి మొత్తానికి ప్రాదేశిక కోహెరెన్స్, అంటే వేర్వేరు చోట్ల ఉన్న తరంగాల మధ్య పొందిక, పడిపోతుంది. ఇది లోపం కాదు, వరం. మామూలు లేజర్‌తో ఫొటో తీస్తే చిత్రమంతా స్పెకిల్ అనే మచ్చలు పరుచుకుంటాయి. సమాన బలమున్న 100 స్వతంత్ర మోడ్‌ల మచ్చలు కలిస్తే వాటి తీవ్రత పదో వంతుకు తగ్గుతుంది. 2012లో రాండమ్ లేజర్ వెలుగులో మచ్చల్లేని చిత్రాలు తీసి చూపించారు కూడా.